కట్టు కట్టే చేతికి పట్టా ఎక్కడిది?

ఈ నెల ‘చదువు – కొలువు’ శీర్షికకు చేరిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే విషయాన్ని అడిగాయి. ఆసుపత్రులలోనూ క్లినిక్‌లలోనూ డాక్టరు పక్కన నిలబడి పనిచేసే మెడికల్ అసిస్టెంటు ఉద్యోగం ఎటువంటిది, దానిని నమ్ముకుని బతకవచ్చునా, దానికి ఎదుగుదల ఉన్నదా అన్నదే ఆ ప్రశ్న. నేను ముప్పై సంవత్సరాలకు పైగా గోదావరికి ఇరువైపులా ఉన్న ఆసుపత్రులలో నర్సుగానూ, ఆ తరువాత నర్సింగ్ విద్యార్థులకు శిక్షకురాలిగానూ పనిచేశాను. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఉత్తరాలకే కేటాయించాను. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మేడం గారికి నమస్కారాలు. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. ఇంటర్ బైపీసీ పూర్తి చేశాను. నీట్‌లో ర్యాంకు రాలేదు. నాన్నగారు కొబ్బరి దింపు పని చేస్తారు. పట్టణంలో ఒక సంస్థవారు ఒక్క సంవత్సరంలో మెడికల్ అసిస్టెంట్ కోర్సు చేయిస్తామని, రూ. 45,000 కడితే ఉద్యోగం ఖాయమని చెబుతున్నారు. చేరమంటారా?
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: అమ్మా, ఆ నలభై ఐదు వేలు కూడబెట్టడానికి మీ నాన్నగారు ఎన్ని చెట్లు ఎక్కి దిగాలో నాకంటే మీకే బాగా తెలుసు. కాబట్టి ముందుగా ఆ డబ్బుకు మీ చేతికి ఏమి వస్తుందో చూద్దాము.

మెడికల్ అసిస్టెంటు అన్న పేరుతో మన రాష్ట్రంలో ప్రత్యేకంగా రిజిస్ట్రేషన్ ఇచ్చే వృత్తి ఏదీ లేదు. పని మాత్రం నిజంగానే ఉంది. ఉదయం తొమ్మిది గంటలకు ఓపీ మొదలయ్యే వేళకు వచ్చినవారికి వరుస చీటీలు ఇవ్వడం, బరువు, బీపీ, జ్వరం, షుగరు చూసి రాయడం, పాత మందుల చీటీలను తేదీల వారీగా సర్ది డాక్టరు ముందు పెట్టడం, కట్టు మార్చేటప్పుడు సామాను అందించడం, ఏ మాత్ర తిన్న తరువాత వేసుకోవాలో, ఏది పరగడుపున వేసుకోవాలో రోగికి అర్థమయ్యేదాకా చెప్పడం, బీమా కాగితాలూ ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కాగితాలూ సిద్ధం చేయడం వంటివన్నీ ఆ ఒక్క మనిషే చేస్తున్న చోట్లు డెల్టాలో ఎన్నో ఉన్నాయి. మన పెద్దలు కాంపౌండరు గారని పిలిచిన మనిషి చేసిన పని కూడా ఇంచుమించు ఇదే. ఆయన మందులు కలిపి సీసాలో పోసి, సీసాకు కాగితం గీతలు అంటించి, పూటకు ఒక గీత చొప్పున తాగమని చెప్పేవారు. 1948 నాటి ఫార్మసీ చట్టం వచ్చాక మందులు కలిపి ఇచ్చే అధికారం క్రమంగా రిజిస్టరైన ఫార్మసిస్టులకే పరిమితమైంది. సూదిమందు, సెలైను వంటివి నర్సింగ్ వృత్తిలోకి, రక్తపరీక్ష లేబొరేటరీ టెక్నీషియన్ వృత్తిలోకి వెళ్ళాయి. ఆ పాత ఉద్యోగం ఇలా ముక్కలై, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క చదువూ ఒక్కొక్క రిజిస్టరూ ఏర్పడ్డాయి. ఏ రిజిస్టరులోనూ పేరు లేకుండా మిగిలిపోయిన పనినే ఇప్పుడు మెడికల్ అసిస్టెంటు అంటున్నారు. ఆ పని చేసేవారిమీద నాకు ఎంతో గౌరవం ఉన్నా, మీరు డబ్బు కట్టబోతున్నారు కాబట్టి ఈ సంగతి దాచకుండా చెప్పాలి.

అందువల్ల ఆ సంస్థకు మీ నాన్నగారితో కలిసి వెళ్ళి, ఈ కోర్సు పూర్తయ్యాక నా పేరు ఏ బోర్డులో లేదా ఏ కౌన్సిల్‌లో నమోదవుతుందని అడగండి. పారామెడికల్ బోర్డు అనుమతి ఉన్నదంటే ఆ అనుమతి పత్రం చూపమనండి. శిక్షణ ఏ ఆసుపత్రిలో, ఎన్ని పడకల చోట, రోజుకు ఎన్ని గంటలో కాగితం మీద రాసి ఇమ్మనండి. ఉద్యోగం ఖాయమన్న మాటను కూడా రాసి ఇమ్మంటే, ఇస్తారో ఇవ్వరో అక్కడే తేలిపోతుంది. వారి సర్టిఫికెట్ వారి సంస్థ ముద్రతో మాత్రమే ఉంటే ఆ కోర్సు కోసం ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

మీకు బైపీసీ ఉన్నది కనుక దారులు ఉన్నాయి. రెండు సంవత్సరాలలో సంపాదన మొదలుకావాలి అనుకుంటే పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉన్న డిప్లొమాలలో లేబొరేటరీ, డయాలసిస్, అనస్థీషియా, ఎక్స్‌రే వంటివి చూడండి. ఇంటర్‌లో బైపీసీ చదివినవారికి వీటిలో ప్రాధాన్యం ఉంటుంది. నర్సింగ్‌లో ఏఎన్ఎం (సహాయ నర్సు, మంత్రసాని చదువు) కూడా రెండేళ్ళదే, జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ డిప్లొమా) మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. మనసు డాక్టరు పక్కన ఉండే పనిమీదే ఉంటే ఫిజీషియన్ అసిస్టెంటు అనే డిగ్రీ ఉంది. మన దేశంలో ఈ చదువు 1992లో చెన్నైలో, గుండె శస్త్రచికిత్సల విభాగంలో సహాయానికి మనుషులు కావలసి మొదలైంది. 2021లో పార్లమెంటు చేసిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఈ వృత్తినీ తన జాబితాలో చేర్చింది. ఆ చట్టం ప్రకారం డిప్లొమాతో గానీ డిగ్రీతో గానీ చేరే అనుబంధ ఆరోగ్య వృత్తికి కనీసం 2,000 గంటలు, డిగ్రీ తప్పనిసరైన ఆరోగ్య సంరక్షణ వృత్తికి కనీసం 3,600 గంటలు చదువూ శిక్షణా ఉండాలి. ఏడాదిలో అంతా నేర్పేస్తామనే సంస్థను ఈ గంటల లెక్కతో కొలిచి చూడండి. అయితే ఫిజీషియన్ అసిస్టెంట్లను తీసుకునేవి ఎక్కువగా విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాదులలోని పెద్ద ఆసుపత్రులు. అమలాపురంలోనో పాలకొల్లులోనో ఇరవై పడకల నర్సింగ్ హోములో ఆ హోదాతో ఉద్యోగం దొరకడం కష్టం. ఊరు విడిచి వెళ్ళగలిగితేనే ఆ డిగ్రీ తీసుకోండి. ఇంటికి దగ్గరగా ఉండి పనిచేయాలంటే నా ఓటు నర్సింగ్‌కే.

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. పదో తరగతి తరువాత ఇంటర్ ప్రైవేటుగా పాసయ్యాను. ఆరేళ్ళుగా ఒక డాక్టరు గారి దగ్గర పనిచేస్తున్నాను. చీటీలు రాయడంతో మొదలుపెట్టి ఇప్పుడు ఇంజెక్షన్లు చేస్తున్నాను, సెలైన్లు పెడుతున్నాను. డాక్టరు గారు మధ్యాహ్నం మరో ఊరి క్లినిక్‌కు వెళితే నేనొక్కదాన్నే ఉంటాను. జీతం రూ. 9,000. పని వచ్చినా కాగితం లేదు. నా భవిష్యత్తు ఏమిటి?
– ఆకివీడు ప్రాంతం నుంచి

జవాబు: మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ఇటువంటి అమ్మాయిలు ఎందరో నాకు తెలుసు. సూది పట్టడంలో కొందరి నేర్పు నర్సింగ్ పాసైన పిల్లలకంటే మెరుగుగా ఉండటం నేను కళ్ళారా చూశాను. అయినా చెప్పవలసింది చెప్పక తప్పదు. డాక్టరు లేని వేళ మీరొక్కరే సూదిమందు చేయడం వెంటనే మానండి. పెన్సిలిన్ జాతి మందు పడక మనిషి కుప్పకూలితే ఏ మందు ఎంత మోతాదులో ఇవ్వాలో నిర్ణయించే అధికారం మీకు లేదు, నిర్ణయించగలిగినవారు ఆ గదిలో ఉండరు. ప్రాణం పోతే పోలీసుల ముందు నిలబడేది మీరే. “మీరు ఉన్నప్పుడు మీరు చెప్పినట్టు చేస్తానండీ, మీరు లేనప్పుడు కొత్తగా సూదులు చేయలేనండీ” అని మర్యాదగానే చెప్పండి. మంచి డాక్టరైతే ఆ మాట వినగానే తన తప్పు తెలుసుకుంటారు.

మీ విలువ సూదిలోనే ఉందని మీరు అనుకుంటున్నట్టు ఉత్తరం చెబుతోంది. కాదు తల్లీ. నేను పనిచేసిన ఒకచోట చదువు పెద్దగా లేని సహాయకురాలు ఒకామె ఉండేవారు. లంక గ్రామం నుంచి పడవ దాటి ఒక ముసలమ్మ నోరంతా పూసి, అన్నం మింగలేక వచ్చింది. వేడి చేసిందని అందరమూ అనుకున్నాము. ఆ సహాయకురాలు మాత్రం ముసలమ్మ సంచిలోని మాత్రలన్నీ బల్లమీద పరిచి, “అమ్మమ్మా, ఈ పసుపు మాత్ర ఏ రోజు వేసుకుంటున్నావు?” అని అడిగింది. రోజూ రాత్రి వేసుకుంటున్నానని ఆమె అన్నది. అది కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్. ఆ జబ్బుకు వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మందు అది. రోజూ వేసుకుంటే ఎముక మూలుగ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, ప్రాణానికే ముప్పు వస్తుంది. ఆ ఒక్క ప్రశ్నతో ముసలమ్మ బతికింది. రోజుకు నూరు మందిని చూసే డాక్టరుకు సంచి విప్పి చూసే తీరిక ఉండదు. ఆ తీరిక, ఆ ఓపిక, రోగి భాషలో రోగితో మాట్లాడే నేర్పు ఇవే ఈ ఉద్యోగానికి ఆయువుపట్టు.

ఇక మీరు చేయవలసిన పనులు. ఆరేళ్ళ అనుభవాన్ని, చేరిన తేదీతోనూ చేసే పనుల వివరంతోనూ డాక్టరు గారి లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. సంబంధం బాగున్నప్పుడే అడగాలి, మానేసే రోజున అడిగితే రాదు. జీతం బ్యాంకు ఖాతాలో వేయమని అడగండి, అది కూడా ఒక సాక్ష్యమే. క్లినిక్‌లో పదిమంది కానీ అంతకు మించి కానీ పనిచేస్తుంటే, రూ. 21,000 లోపు జీతం ఉన్న మీకు ఈఎస్ఐ వర్తించాలి. ఆ తరువాత ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, చదువు లేకపోయినా పని వచ్చినవారిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఉంది. దానిని పూర్వానుభవ గుర్తింపు అంటారు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అనే కొలువుకు దాని ద్వారా గుర్తింపు వస్తే పెద్ద ఆసుపత్రులలో అడుగుపెట్టవచ్చు. అది రోగి సంరక్షణకు సంబంధించిన కొలువు. సూదిమందుకు అనుమతి దానివల్ల రాదని గుర్తుంచుకోండి.

కాని నా అసలు సలహా ఇది కాదు. భారతీయ నర్సింగ్ మండలి నిబంధనల ప్రకారం ఏఎన్ఎంలో చేరడానికి 35 ఏళ్ళ వరకు అవకాశం ఉంది, ఇంటర్‌లో ఏ గ్రూపు అయినా ఫరవాలేదు. మీకు ఇంకా ఆరేళ్ళు చేతిలో ఉన్నాయి. రెండేళ్ళు జీతం లేకుండా ఇల్లు ఎలా గడుస్తుందన్నదే మీ ముందున్న ప్రశ్న అని నాకు తెలుసు. ప్రభుత్వ శిక్షణ కేంద్రంలో సీటు దొరికితే ఖర్చు తగ్గుతుంది. 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు ఏఎన్ఎం చదివినవారికి పెద్ద సంఖ్యలో కొలువులు దొరికాయి. ఆ రోజు మీ చేతిలో ఆ కాగితం ఉండి ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరం ఉండేది కాదు. మళ్ళీ అటువంటి ప్రకటన వచ్చేనాటికైనా సిద్ధంగా ఉండండి.

ప్రశ్న: మా చెల్లెలు ఇక్కడ మెడికల్ అసిస్టెంట్ సర్టిఫికెట్ చేసింది. అమెరికాలో ఈ ఉద్యోగానికి నెలకు లక్షలు ఇస్తారని, లేకపోతే గల్ఫ్‌లో హోమ్ నర్సుగా పంపుతామని ఒక ఏజెంటు రూ. 2 లక్షలు అడుగుతున్నాడు. నమ్మవచ్చునా?
– పాలకొల్లు నుంచి

జవాబు: నమ్మవద్దండి. అమెరికాలో మెడికల్ అసిస్టెంట్లకు గిరాకీ ఉన్నమాట నిజం. ఆ దేశపు కార్మిక గణాంక సంస్థ లెక్కలో 2023 మే నాటికి వారి మధ్యస్థ వార్షిక వేతనం 42,000 డాలర్లు, 2023 నుంచి 2033 లోపు ఆ కొలువులు 15 శాతం పెరుగుతాయని అంచనా. కాని అక్కడ ఆ పనికి డిగ్రీ అక్కరలేదు, హైస్కూలు తరువాత ఏడాదిపాటు శిక్షణ పొందినవారు చేస్తారు. హెచ్-1బీ వీసా కనీసం డిగ్రీ అవసరమయ్యే ప్రత్యేక నైపుణ్యపు ఉద్యోగాలకే ఇస్తారు కనుక ఈ ఉద్యోగానికి దానిమీద వెళ్ళడం కుదరదు. ఇంకో మెలిక కూడా ఉంది. అదే లెక్కలో ఫిజీషియన్ అసిస్టెంట్ల మధ్యస్థ వేతనం 1,30,020 డాలర్లు. వారు మాస్టర్స్ చదివి, లైసెన్సు పొంది, మందులు రాసే అధికారం ఉన్నవారు. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఏజెంట్లు ఒకరి జీతం చూపించి మరొకరి కోర్సు అమ్ముతున్నారు.

గల్ఫ్ మాట మరీ జాగ్రత్తగా వినాలి. మన కోనసీమ నుంచీ పశ్చిమ గోదావరి నుంచీ ఎందరు ఆడపిల్లలు ఆ దేశాలకు వెళ్ళి ఏమేమి పడ్డారో మనకు కొత్తగా చెప్పనవసరం లేదు. ఇక్కడ హోమ్ నర్సు అని చెప్పి, ఒప్పందపు కాగితంలో ఇంటి పనిమనిషి అని రాసిన సందర్భాలు నా దృష్టికి వచ్చాయి. ఒప్పందాన్ని చదవగలిగినవారి చేత చదివించండి, ఉద్యోగం పేరు ఉన్న గడిని వేలితో చూపమని అడగండి. 1983 నాటి ప్రవాస చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటు మాత్రమే మనుషులను పంపాలి. ఆ ఏజెంటు కూడా రూ. 30,000, దానిమీద జీఎస్టీకి మించి సేవా రుసుము తీసుకోకూడదు. అతని పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉన్నదో లేదో చూడండి. రెండు లక్షలు అడిగాడంటేనే అతను ఎటువంటివాడో తేలిపోయింది. నిజంగా వెళ్ళాలనుకుంటే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌ను ముందు సంప్రదించండి.

ప్రశ్న: ఇది ఆడపిల్లల పని అంటున్నారు. నేను అబ్బాయిని. చేరవచ్చునా?
– రామచంద్రపురం నుంచి

జవాబు: నిరభ్యంతరంగా చేరవచ్చు నాయనా. పక్షవాతంతో పడుకున్న మనిషిని పక్కకు తిప్పడానికి, మగ రోగులకు స్నానం చేయించడానికి ప్రతి ఆసుపత్రికీ మగపిల్లలు కావాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఎంఎన్ఓ (మేల్ నర్సింగ్ ఆర్డర్లీ) అనే కొలువు ఉన్నదే ఇందుకోసం. ఆపరేషన్ థియేటర్, డయాలసిస్, 108 వాహనాలలో మీవంటివారు ఎందరో ఉన్నారు. ఏఎన్ఎం ఆడపిల్లలకే కాని, బీఎస్సీ నర్సింగ్‌లో అబ్బాయిలూ చేరవచ్చు.

ప్రశ్న: పన్నెండేళ్ళు ఒక ఆర్ఎంపీ గారి దగ్గర సహాయకుడిగా ఉన్నాను. మా లంక గ్రామంలో వైద్యం చేసేవారు లేరు. వరద వస్తే పడవ తప్ప దారి లేదు. సొంతంగా చిన్న క్లినిక్ పెట్టుకుంటే తప్పా?
– కోటిపల్లి పరిసరాల నుంచి

జవాబు: మీ ఊరి కష్టం నిజమైనదే, మీ ఉద్దేశమూ మంచిదే. అయినా తప్పే. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే సంవత్సరం వరకు జైలు, లేదా రూ. 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చట్టాన్ని పక్కన పెట్టినా, వరి మడిలో పనిచేసి జ్వరంతో వచ్చిన మనిషికి ఎలుక జ్వరమో, డెంగ్యూనో, మామూలు జలుబో తేల్చకుండా సెలైను పెట్టి పంపితే, మూడు రోజుల తరువాత కాకినాడ పెద్దాసుపత్రిలో కిడ్నీలు చెడిపోయిన స్థితిలో ఆ మనిషిని చేర్చుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ మూడు రోజులు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

మీకు తెలిసిన పనిని చట్టం లోపల చేయడానికి చోటు ఉంది. జ్వరం, బీపీ చూసి రాసిపెట్టడం, వరద రాకముందే నెలలు నిండిన గర్భిణులను గట్టుకు చేర్చడం, షుగరు రోగులకు పదిహేను రోజుల మందులు ముందే తెప్పించి ఉంచడం, పాము కరిచినవారికి నాటువైద్యం చేయించకుండా కరిచిన కాలు కదలనివ్వక నేరుగా యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళడం. వీటికి లైసెన్సు అక్కరలేదు. గ్రామ ఏఎన్ఎంతోనూ ఆశా కార్యకర్తతోనూ కలిసి చేస్తే మీ ఊరు మిమ్మల్ని డాక్టరు అని పిలవకపోవచ్చు, కాని రాత్రి పూట మొదట తట్టేది మీ తలుపునే.

ప్రశ్న: మా అమ్మాయికి భీమవరంలో ఒక నర్సింగ్ హోములో సహాయకురాలి ఉద్యోగం వచ్చింది. సూదులు గుచ్చుకుని రోగాలు అంటుకుంటాయని మా వారు పంపనంటున్నారు. ఏమి చేయమంటారు?
– ఒక తల్లి, నరసాపురం

జవాబు: మీవారి భయం అర్థం లేనిది కాదమ్మా, కాని ఆ భయానికి మందు ఉంది. హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు. మొదటిది వేయించుకున్న నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది వేయించాలి. మూడోది వేసిన ఒకటి రెండు నెలలకు రక్తపరీక్ష చేయిస్తే టీకా పట్టిందో లేదో తెలుస్తుంది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆసుపత్రి సిబ్బందికి ఈ టీకా, ధనుర్వాతపు టీకా వేయించవలసిన బాధ్యత యాజమాన్యానిదే. కనుక అడగడానికి సంకోచపడవద్దు.

వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకూడదని అమ్మాయికి గట్టిగా చెప్పండి. ఆ ఒక్క క్షణంలోనే సూది గుచ్చుకునే ప్రమాదం ఉంటుంది. సూదులు, బ్లేడ్లు గుచ్చుకుపోని తెల్లని డబ్బాలో వేయాలి. రక్తం అంటిన దూది, కట్టుగుడ్డలు పసుపు సంచిలోకి, సెలైను గొట్టాలు, గ్లవ్స్ ఎర్ర సంచిలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి వెళ్ళాలి. ఎప్పుడైనా సూది గుచ్చుకుంటే వేలిని పిండకుండా సబ్బుతో, పారే నీటితో కడిగి, వెంటనే పైవారికి చెప్పి రాయించాలి. హెచ్ఐవీ అనుమానం ఉంటే మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. రెండు గంటల లోపైతే మరీ మంచిది, 72 గంటలు దాటితే లాభం ఉండదు. ఆ మందు 28 రోజులు వాడాలి, ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాలలో దొరుకుతుంది. తిడతారేమోనని దాచిపెట్టే పిల్లలే ఎక్కువగా నష్టపోతారు.

చేరే ముందు మీవారిని కూడా వెంటబెట్టుకుని ఆ నర్సింగ్ హోముకు ఒక్కసారి వెళ్ళండి. డ్రెస్సింగ్ గదిలో తెల్ల డబ్బా ఉన్నదా, చేతులు కడుక్కునే చోట సబ్బు ఉన్నదా, రాత్రి డ్యూటీ అయ్యాక అమ్మాయిని నరసాపురం బస్సు దాకా దిగబెట్టేవారు ఉన్నారా అన్నవి మీ కళ్ళతో చూసి, మేట్రన్ గారిని అడిగి రండి. ఈ మూడూ ఉంటే మీవారే ఒప్పుకుంటారు. టీకా మొదటి మోతాదు మాత్రం చేరేరోజు దాకా ఆగకుండా ఈ వారమే వేయించండి.